పొయ్యి వేరు పడితే అసమానత పెరిగినట్టేనా?

పాలమూరు ఆడబిడ్డ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. నాలుగు రోజుల సంది ఒక లెక్క నా తలల తిరుగుతుంది. మీ ముందల పెడుతున్న, తప్పుంటే దిద్దుండ్రి.

మాది దేవరకద్ర దిక్కు పల్లె. మొన్నటి సంక్రాంతి దాక మా తల్లిగారింట్ల ఒక్కటే పొయ్యి. అమ్మ, నాయిన, తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు, మొత్తం ఆరుగురు. తమ్ముడు జడ్చర్లల కంపెనీ పనికి పోతడు, మరదలు మిషన్ కుడతది. ఇద్దరిది కలిపి నెలకు 24 వేలు. నాయినకు ఆసరా పింఛన్ 2,016, జీవాల మీద ఇంకో నాలుగు వేలు. సులువుగ ఉండాలని పింఛన్ రెండు వేలే అనుకుందాం. అంతా కలిపి 30 వేలు, ఆరుగురికి పంచితే తలా 5 వేలు.

పండుగ ఎల్లినంక తమ్ముడు అదే వాకిట్ల ఇంకో రేకుల రూము వేసి పొయ్యి వేరు పెట్టుకున్నడు. కొట్లాట లేదు, మాటలు బంద్ కాలేదు. పిల్లల ఫీజులు పెరిగినయి, ఎవరి ఖర్చు వాళ్లకు తెల్వాలని మాట్లాడుకొనే వేరు పడ్డరు.

ఇప్పుడు లెక్క జూడుండ్రి. అమ్మానాయినల పొయ్యి మీద 6 వేలకు ఇద్దరు, తలా 3 వేలు. తమ్ముని పొయ్యి మీద 24 వేలకు నలుగురు, తలా 6 వేలు. వాకిలి అదే, మనుషులు వాళ్లే, సంపాదన ఒక్క రూపాయి అటుఇటు కాలేదు. కానీ అసమానతను కొలిచే గిని సూచిక మొన్న సున్నా ఉండె, ఇయ్యాల ఈ ఆరుగురి మధ్యనే 0.133 అయితుంది. పేదరికం గీత తలకు 3,500 దగ్గర గీసిండ్రనుకోండి, మొన్న మా ఇంట్ల పేదోళ్లు లేరు, ఇయ్యాల ఇద్దరున్నరు.

2025 జులైల గిని 25.5 అని, మన దేశం సమానతల ముందున్నదని టీవీల చర్చలు నడిచినయి. అసమానత పెరిగిందనేటోళ్లు, తగ్గిందనేటోళ్లు గట్టిగనే వాదించిండ్రు. ఆ లెక్కల కింద ఎన్ని పొయ్యిలు వేరు పడ్డయి, ఎంతమంది ముసలోళ్లయిండ్రు, ఎంతమంది బొంబాయి పోయిండ్రు అన్నది ఎవరన్న తీసి చూసిండ్రా? నాకు అదే తెల్వాలె.

---

లెక్కల సారు, నల్లగొండ

అమ్మా, మీ లెక్క కరెక్టే. నేను కాగితం మీద మళ్లీ వేసి చూశాను. ఆరుగురిలో ప్రతి ఒక్కరికీ ఆరుగురితోనూ (తనతో తనకున్న సున్నా తేడాతో సహా) ఉన్న తేడా తీసి, ఆ 36 తేడాల సగటును సగటు ఆదాయానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేది గిని. ఇటలీ గణాంకవేత్త కొర్రాడో గిని 1912లో ప్రతిపాదించిన కొలత. అందరికీ ఒకే ఆదాయం ఉంటే సున్నా, మొత్తం ఒక్కడి చేతిలోనే ఉంటే దాదాపు ఒకటి. టీవీలో మీరు విన్న 25.5 అంటే 0.255 అన్నమాట. అయితే అది ఆదాయం మీద తీసినది కాదు, 2022-23 గృహ వినియోగ సర్వేలో ఇండ్లు పెట్టిన ఖర్చు మీద ప్రపంచ బ్యాంకు తీసినది. ఉన్నవాడు సంపాదించినదంతా ఖర్చు పెట్టడు, లేనివాడు అప్పు చేసైనా తింటాడు. అందుకే ఖర్చు మీద తీసిన గిని ఆదాయం మీద తీసిన దానికంటే మామూలుగా తక్కువే ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి దేశాలకు ర్యాంకులు ఇవ్వడం నాకు సరైన పనిగా కనిపించదు.

ఇక వయసు సంగతి. నా పదో తరగతి పిల్లలతో చేయించిన లెక్క ఒకటి పెడతాను. ఒక ఊళ్లో ప్రతి మనిషికీ జీవితం ఒకే తీరుగా నడుస్తుంది అనుకుందాం. 25 ఏళ్లప్పుడు 10 వేలు, 45 ఏళ్లప్పుడు 20 వేలు, 65 ఏళ్లప్పుడు 4 వేలు. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. వయసు గుంపులు మూడూ సమానంగా ఉన్న నాడు ఆ ఊరి గిని 0.314. జీవితమంతా చూస్తే పూర్తి సమానత ఉన్న ఊరికి కూడా ఇంత! కొన్నేళ్లకు ముసలివాళ్ల సంఖ్య రెట్టింపయింది, మిగతావి మారలేదు. గిని 0.355కి చేరింది. అన్యాయం కొత్తగా ఏమీ జరగలేదు, ఊరికి వయసు మీద పడింది.

1975లో మోర్టన్ పాగ్లిన్ అనే అమెరికా ఆర్థికవేత్త ఈ మాటే పట్టుకున్నాడు. వయసు వల్ల వచ్చే తేడాను గినిలోంచి తీసేయాలి, మిగిలిందే అసలు అసమానత అన్నాడు. దాని మీద అక్కడ పెద్ద వాదనే నడిచింది.

---

దేవరకొండ అక్క

సారు, మీ మీద గౌరవంతోనే అంటున్న. ఆ "తీసేయాలి" అన్న మాట దగ్గర నా మనసు ఒప్పుతలేదు.

మా వాడకట్టుల ఒక అవ్వ ఉంది. 25 ఏండ్లప్పుడు మగపిల్లల లెక్క నాట్లు వేసింది, బాయిలు తవ్వింది. ఇప్పుడు పింఛన్ మీదనే బతుకు. ప్రతి నెల పింఛన్ వచ్చిన రోజు ఆమె ఏం చేస్తదో నేను కండ్లార చూసిన. పైసలు మూడు మడతలు పెడతది. ఒకటి బీపీ గోలీలకు, ఒకటి కిరాణం బాకీకి, ఒకటి కొంగుకు కట్టుకుంటది, మనుమరాలు వస్తే ఇయ్యడానికి. పదిహేనో తారీఖు వచ్చేవరకు కొంగు ముడి కూడా విప్పుతది.

వయసుల ఉన్నప్పుడు సంపాదించిందిగా, జీవితం మొత్తం కలిపితే సమానమే అంటే ఆ లెక్క ఆమెకు చెప్పగలమా? అప్పుడు సంపాదించింది అప్పుడే పాయె. పెండ్లిళ్లకు పాయె, బోర్లకు పాయె. జీవితకాలం లెక్క నెలజీతం ఉండి పీఎఫ్ కోసుకునేటోళ్లకు సరిపోతది. మన దగ్గర వయసు మీద పడ్డదంటేనే పేదరికం. వయసును తీసేస్తే పేదరికాన్నే తీసేసినట్టు.

ఇంకొకటి. పేదోళ్లు తొందరగ పోతరు. ముసలితనం దాక బతికినోళ్లనే లెక్కల పెడుతున్నం. పోయినోళ్ల అసమానతను ఏ సూచికల రాస్తరు?

---

గద్వాల తమ్ముడు

అక్కా, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం.  నేను ఎంఏ ఎకనామిక్స్ చదువుతున్న, నాకు అర్థమైన కాడికి చెప్తా.

వయసును తీసేయొద్దు, విడదీయాలి. రెండూ వేరు. హెన్రీ థీల్ అనే ఆర్థికవేత్త పేరు మీద, అసమానతను కొలిచే థీల్ సూచిక అని ఒకటి ఉంది. దాని సుగుణం ఏందంటే మొత్తం అసమానతను రెండు ముక్కలు చేయొచ్చు: వయసు గుంపుల మధ్యల ఉన్న తేడా ఎంత, ఒకే వయసు వాళ్ల లోపల ఉన్న తేడా ఎంత. గినితో అంత శుభ్రంగ విడగొట్టడం కుదరదు. గుంపుల ఆదాయాలు ఒకదాని మీద ఒకటి పడితే లెక్కల ఏ ముక్కకూ చెందని మిగులు వస్తది.

ఇంకా లోతైన సంగతి ఒకటుంది. ఆంగస్ డీటన్, క్రిస్టీనా పాక్సన్ అనే ఆర్థికవేత్తలు 1994ల అమెరికా, బ్రిటన్, తైవాన్ లెక్కలు చూసిండ్రు. ఒకే కాలంల పుట్టినోళ్లను పట్టుకొని ఏండ్ల వెంట నడుచుకుంట పోతే, వాళ్లకు వయసు పెరిగేకొద్దీ వాళ్లల్లో వాళ్లకు తేడా పెరుగుతుందని తేలింది. మనకు ఇది కొత్త సంగతి కాదు. మా నాయిన బడి దోస్తులు 20 ఏండ్లప్పుడు అందరూ ఒక్కతీరే ఉండిరి. 60 వచ్చేసరికి ఒకాయన రిటైర్డ్ టీచర్, నెలనెలా పెన్షన్. ఒకాయన బోర్లు ఎండి భూమి అమ్ముకున్నడు. ఒకాయనకు పక్షవాతం. అదృష్టం, జబ్బు, కొడుకుల సాయం, అన్నీ ఏటికేడు మీద పడుకుంట వస్తయి.

అంటే ముసలోళ్లు ఎక్కువైతే గిని రెండు దారుల పెరగొచ్చు. ముసలోళ్ల సగటు తక్కువ ఉండి ఒక దారి, ముసలోళ్ల లోపలనే తేడా ఎక్కువ ఉండి ఇంకో దారి. మొదటిదానికి మందు పింఛన్. రెండోదానికి పింఛన్ ఒక్కటే సరిపోదు. ఒక్క అంకెల ఈ రెండు కలిసిపోతే ప్రభుత్వానికి ఏ మందు వేయాలో ఎట్ల తెలుస్తది?

---

వనపర్తి పంతులమ్మ

నేను 2014 ఆగస్టు 19 సమగ్ర కుటుంబ సర్వేలో తిరిగాను, 2024 నవంబరులో మొదలైన కులగణన సర్వేలోనూ తిరిగాను. అసమానత లెక్క గిని దగ్గర మొదలవదు, గడప దగ్గర మొదలవుతుంది. అది చెప్పాలనే రాస్తున్నా.

జనాభా లెక్కల్లోనూ, జాతీయ నమూనా సర్వేల్లోనూ కుటుంబం అంటే మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింటి కూడు తినేవాళ్లు. రక్తసంబంధం కాదు, ఆస్తి కాదు, పొయ్యే కొలమానం. కానీ గడపలో నిలబడి "మీది ఒక పొయ్యా, రెండా" అంటే జవాబు అంత తేలిగ్గా రాదు. గ్యాస్ స్టవ్ ఒకటి, బయట కట్టెల పొయ్యి ఒకటి. పొద్దున వేరు, రాత్రి కలిసి. కోడలు వండితే అత్త తినదు, కానీ సరుకులు ఒకే సంచిలో వస్తాయి. పథకాలు కుటుంబం పేరు మీద వస్తాయని తెలిసిన ఊళ్లో "వేరే రాయండి మేడం" అని బతిమాలుతారు. వాళ్లను తప్పుపట్టను. పింఛనైనా ఇల్లైనా కుటుంబానికి ఒకటే అన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో కుటుంబాలు సుమారు 83 లక్షలు, జనం 3 కోట్ల 50 లక్షలు. అంటే ఇంటికి 4.2 మంది. మూడేళ్లకు 2014 సర్వేలో కుటుంబాలు కోటి దాటాయి. అంత తొందరగా అన్ని పెళ్లిళ్లు కాలేదు, అన్ని ఇళ్లు కట్టలేదు. కొన్ని నిజంగా వేరుపడ్డవి, కొన్ని కాగితం మీద వేరుపడ్డవి. ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి ఎవరైనా కుటుంబ ఆదాయాల అసమానత మారింది అంటే, ఎంత మార్పు బతుకులో వచ్చిందో, ఎంత మార్పు గడపలో వచ్చిందో చెప్పమని అడగాలి.

2014లో ఇంకో దృశ్యం కళ్లముందే ఉంది. సర్వే ముందురోజు రాత్రంతా బస్సులు దిగుతూనే ఉన్నాయి. బొంబాయి నుంచి, పూనా నుంచి. పేరు పోతుందేమోనని పనులు వదులుకొని వచ్చారు. తెల్లారి రాయించుకొని సాయంత్రానికి మళ్లీ బస్సెక్కారు. ఆ ఒక్కరోజు ఊరి జనాభా వేరు, మిగతా సంవత్సరమంతా వేరు.

---

నారాయణపేటోన్ని, ఉండేది పుణెల

మేడం చెప్పిన ఆ బస్సుల నేనున్న. మా నాయిన గుంపు మేస్త్రి కింద అడ్వాన్సు తీసుకొని కట్టల పనికి పోయినోడు, నేను బిల్డింగుల పనికి వచ్చిన. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుకే.

నాకొకటి చెప్పుండ్రి. నేను ఎక్కడి లెక్క? ఏడాదిల ఎనిమిది నెలలు ఇక్కడ రేకుల షెడ్డుల ఉంట. మా ఊర్ల కార్డుల నా పేరు మీద ఆరు కిలోల బియ్యం వస్తయి. ఇక్కడ సైటు అయిపోతే షెడ్డు ఊడబీకుతరు, ఇంకో సైటుకు పోతం. ఇన్నేండ్లల ఒక్క సర్వే మనిషి కూడా మా షెడ్డు కాడికి వచ్చి నీకెంత వస్తది, ఏం తింటవు అని అడగలే.

---

వనపర్తి పంతులమ్మ

తమ్ముడూ, నమూనా సర్వే నియమం ఇలా ఉంటుంది: ఆరు నెలలకు తక్కువ బయట ఉంటే ఊరి ఇంటి మనిషివే. ఆరు నెలలు దాటితే ఆ ఇంటి లెక్కలోంచి తీసేస్తారు, ఉన్నచోట లెక్కలోకి రావాలి. ఉన్నచోట షెడ్డు జాబితాలోకి ఎక్కకపోతే నువ్వు రెండుచోట్లా లేవు.

దీనితో ఏమవుతుందో చూడు. నువ్వు పంపిన డబ్బుతో ఊళ్లో మీ ఇంట్లో ఖర్చు నడుస్తుంది, తినేవాళ్ల లెక్కలో నువ్వు లేవు. తలసరి పెరుగుతుంది. మీ ఇల్లు నిజంగా ఉన్నదానికంటే కొంచెం బాగా ఉన్నట్టు కనబడుతుంది. నువ్వు షెడ్డులో ఎలా ఉన్నావో ఎక్కడా కనబడదు. వలస ఎక్కువ ఉన్న ఊరికి, వలస లేని ఊరికి మధ్య తేడా ఇలా మూసుకుపోతుంది.

---

దోకూరు పక్కూరు

దేవరకద్ర అక్కా, మీ పక్కనే ఒక ఖజానా ఉంది, చెప్పకుండ ఉండలేను. పటాన్‌చెరుల ఉన్న మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975ల గ్రామ అధ్యయనాలు మొదలుపెట్టిండ్రు. అందుల మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఊర్లు రెండు, ఔరేపల్లి, దోకూరు. ఊరికి 40 ఇండ్లు: భూమి లేనోళ్లు 10, చిన్న రైతులు 10, మధ్య రైతులు 10, పెద్ద రైతులు 10. వాళ్ల మనిషే ఊర్లె ఉండి, ఇంటింటికీ మళ్లీమళ్లీ పోయి పంట, కూలి, అప్పు, తిండి అన్నీ రాసుకున్నడు. రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త 1994ల కష్టమొచ్చినప్పుడు ఊరు ఒకరినొకరు ఎట్ల ఆదుకుంటదని రాసిన పేరున్న వ్యాసం ఈ లెక్కల మీదనే. ఔరేపల్లి పేరు ప్రపంచమంత ఎరుక, మన పిల్లలకే ఎరుక లేదు.

మీ ప్రశ్నకు ఇది ఎందుకు పనికొస్తదంటే, ఇండ్లను కాకుండ మనుషులను వెంబడిస్తేనే నిజం దొరుకుతది. 1975ల ఒక ఇల్లు, ఇప్పుడు మూడు నాలుగు పొయ్యిలు. పాత ఇంటి పేరు మీద ఉన్న పొయ్యి ఒక్కటే చూస్తే ముసలాయన బతుకే కనబడతది, వేరు పడ్డ కొడుకుల బతుకు జారిపోతది. వేరు పడ్డోళ్లను కూడా వెతుక్కుంట పోవాలె. ఖర్చు, ఓపిక ఎక్కువ. అయినా ఏటేటా కొత్త ఇండ్లను ఏరుకొని అడిగే సర్వేతోని ఈ పని కాదు.

---

భువనగిరి

జిల్లాల లెక్కలు పోల్చేటోళ్లు జాగ్రత్త. 2016 అక్టోబర్ 11న నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరు ముక్కలైంది, షాద్‌నగర్ రంగారెడ్డిలకు పోయింది. 2019ల నారాయణపేట వేరైంది. హైదరాబాద్‌కు దగ్గర ఉన్న, భూమి రేట్లు పెరిగిన మండలాలు అటు పోతే మిగిలిన పాలమూరుల సగటు పడుతది, అసమానత కూడా తగ్గినట్టు కనబడొచ్చు. ఎవ్వరి బతుకూ మారలే, గీత మారింది. 2011 మహబూబ్‌నగర్ పక్కన ఇప్పటి మహబూబ్‌నగర్‌ను పెట్టిన టేబుల్ ఎక్కడ చూసినా నేను అక్కడే చదవడం ఆపేస్త.

---

లెక్కల సారు, నల్లగొండ

దేవరకొండ అక్కగారి మాట నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. ఒప్పుకుంటున్నాను. "తీసేయాలి" అన్నది పాగ్లిన్ మాటే అయినా, నేను దాన్ని ఆమోదించినట్టే రాశాను, అది తప్పు. గద్వాల తమ్ముడు అన్న "విడదీయాలి" సరైన మాట.

ఆడబిడ్డ గారి ఇంటి లెక్కకే ఇంకొకటి కలుపుతాను. తలసరి అంటే పసిపిల్లకూ పెద్దమనిషికీ ఒకే వాటా. కలిసి ఉంటే మిగిలే ఖర్చు దాంట్లో కనబడదు. ధనిక దేశాల లెక్కల్లో ఒక తూకం వాడతారు: ఇంట్లో మొదటి పెద్దకు 1, మిగతా పెద్దలకు అర, పిల్లలకు 0.3. ఆ తూకంలో తమ్ముడి ఇల్లు 2.1 మంది, 24 వేలను భాగిస్తే 11,429. అమ్మానాన్నల ఇల్లు 1.5 మంది, 6 వేలను భాగిస్తే 4,000. తలసరిలో రెండింతలున్న తేడా ఈ తూకంలో రెండింతలు దాటి 2.86 రెట్లు అయింది. ఏ తూకం వాడాలన్నది గణితం తేల్చదు, ఇంట్లో ఎలా బతుకుతున్నారన్నది చూసి మనమే తేల్చుకోవాలి. ఆ ధనిక దేశాల తూకం మన ఇండ్లకు అతకదు. అక్కడ ఇంటి అద్దె, కరెంటు పెద్ద ఖర్చు, వాటిని పంచుకుంటే మిగులుతుంది. మన దగ్గర పేదవాడికి తిండే పెద్ద ఖర్చు, అది పంచుకుంటే తగ్గేది కొంచెమే.

కాన్పుల సంగతీ ఇందులోనే ఉంది. లేనివాళ్ల ఇళ్లలో ఐదుగురు, ఉన్నవాళ్ల ఇళ్లలో ఇద్దరు పిల్లలున్న కాలంలో తలసరి తేడా ఆదాయాల తేడాను మించి కనబడేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రం మొత్తానికి ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. ఆ తేడా సన్నబడ్డకొద్దీ, ఎవరి కూలీ పెరగకపోయినా తలసరి అసమానత కొంత తగ్గుతుంది. ఆ పిల్లలే పెద్దై పట్నం పోయి, ముసలివాళ్లు ఊళ్లో ఒంటరిగా మిగిలాక అదే అంకె మళ్లీ పైకి తిరుగుతుంది. ఒకే మార్పు, ముందు ఒక దిక్కు లాగి తర్వాత ఇంకో దిక్కు లాగుతుంది.

---

పాలమూరు ఆడబిడ్డ

అందరికీ దండాలు. ఇంత మంచిగ విప్పి చెప్తరనుకోలె. దోకూరు అన్నా, ఆ లెక్కల గురించి వెతుకుత, మా మేనమామ ఆ ఊరోడే.

పంతులమ్మ గారూ, ఒక్క అనుమానం మిగిలింది. పొయ్యి వేరైనా పిల్లలిద్దరు బడి నుంచి రాంగనే అమ్మ కాడికే ఉరుకుతరు. రాత్రి అన్నం, పప్పు అక్కడనే తింటరు. మరదలు వద్దంటది, అమ్మ ఇనదు. రేపు సర్వే మనిషి వస్తే ఆ అన్నం ఏ ఇంటి ఖాతాల రాస్తడు?

---

వనపర్తి పంతులమ్మ

వండిన ఇంటి ఖాతాలోనే రాస్తారమ్మా. వినియోగ సర్వేలో నియమం అదే, ఎవరు తిన్నా వండి పెట్టిన ఇంటి ఖర్చు కింద పడుతుంది. పిల్లలు బయట ఎన్ని పూటలు తిన్నారో వేరే గడిలో రాస్తారు కానీ, తలసరి ఖర్చు తీసేటప్పుడు భాగించేది ఆ ఇంటి మనుషుల సంఖ్యతోనే. మీ అమ్మగారు నలుగురికి వండుతున్నారు, కాగితం మీద ఇద్దరే తింటున్నారు. ఆమె తనకోసం పెట్టుకున్నదానికంటే ఎక్కువ తిన్నట్టు పడుతుంది, పిల్లలు తక్కువ తిన్నట్టు పడుతుంది.

---

పాలమూరు ఆడబిడ్డ

మా అమ్మ రాత్రి పిల్లలు తిన్నంక మిగిలిందే తింటది.